గడ్డం కింది దీపం

రోజు 1

ఈ దినచర్య నేను సరదా పుట్టి రాస్తున్నది కాదని ముందే చెప్పేస్తున్నాను. నూట నలభై మందికి రెండు పూటలా వండి వార్చే మనిషికి సరదాలుండవు. మూడో గుమ్మటం కార్యాలయం వాళ్ళు తొంభై రోజులు రాయమన్నారు, రాస్తున్నాను. జోడీగా పనిచేసే వాళ్ళందరూ రాయాలట, ఎవరిది వాళ్ళు, విడివిడిగా. ఈ రాతపలక మీద ఒకసారి రాశాక చెరపడం కుదరదట. నాకు చెరిపే అవసరం రాదు లెండి.

మా వంటశాలలో జోడీ అంటే నేనూ, తిలోత్తమక్కా. నా పేరు వకుళ. అక్క నాకు తోడికోడలు, మా బావగారి భార్య. పంతొమ్మిదేళ్ళ క్రితం ఈ ఎర్రగ్రహం నేల మీద మొదటి పొయ్యి వెలిగించింది తనే. ఆ మాట రోజుకోసారి వింటాను. నేనొచ్చి ఆరేళ్ళయింది. ఆహారశాస్త్రంలో పట్టా పుచ్చుకుని మరీ వచ్చాను. ఈ మాట నేనెవరికీ చెప్పను, అడిగితే తప్ప.

పొద్దున అందరికీ గడ్డం కింద బిళ్ళ అంటించారు. ఎదురుగా ఇంకో బిళ్ళ ఉన్న మనిషితో మాట్లాడినప్పుడే వెలుగుతుంది. పెద్దరికంతో మాట్లాడితే పసుపు. ఉన్నదున్నట్టు, సమానంగా మాట్లాడితే తెలుపు. లోపలున్న పసితనం మాట్లాడితే నీలం. ఎవరి దీపం వాళ్ళకి కనపడదు, ఎదుటివాళ్ళకే కనపడుతుంది. ఎదుటివాళ్ళ రంగు నోటితో చెప్పడం మాత్రం మహా తప్పు. పరాయివాళ్ళ ఉత్తరం విప్పి చదివినంత తప్పు అని సంతకాలు చేయించుకున్నారు.

ఇదంతా ఎందుకంటే, నిరుడు రెండో గుమ్మటంలో నీళ్ళ విభాగం వాళ్ళిద్దరు అలిగి మాటలు మానేశారు. కుళాయి తెరిచి ఉందన్న సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు. పదకొండు రోజుల నీళ్ళు ఇసుకపాలయ్యాయి. వాళ్ళు అలిగితే మాకు బిళ్ళలు.

రోజు 3

పోపు పెడుతున్నాను. ఇక్కడ బరువు తక్కువ కదా, ఆవాలు చిటపటలాడితే ఊరుకోవు, కప్పు దాకా ఎగురుతాయి. జల్లెడమూత పెట్టేలోపే అక్క అందుకుంది.

"మూతెట్టవే తల్లీ. మొన్న నీ ఆవాలు గాలి గొట్టంలోకి పోయి గుమ్మటమంతా పోపు వాసన. ఆఫీసరు గారు నన్ను పిలిచి అడిగారు."

ఎంత అధికారం ఆ గొంతులో. పసుపు దీపం చూద్దామని తిరిగాను. అక్క గడ్డం కింద నీలం. చక్కటి, నిండు నీలం.

ఈవిడ పసిపిల్లా? బిళ్ళ చెడిపోయిందని రాసి మరమ్మతుకి చీటీ పెట్టాను.

రోజు 5

మరమ్మతు చేసే నరహరి గారు వచ్చారు. అక్క బిళ్ళ ఊడదీసి, మీట నొక్కి, మళ్ళీ పెట్టారు. బాగానే ఉందన్నారు.

"సరిగ్గా చూడండి. ఈవిడ నన్ను రోజుకి యాభైసార్లు తిడుతుంది, ఆ బిళ్ళ నీలం చూపిస్తోంది. మీ పరికరాలు మీరే నమ్ముకుంటే ఎలా?" అన్నాను, నెమ్మదిగానే.

ఆయన నా గడ్డం కింద ఒక్క క్షణం చూసి, దగ్గి, "నేను వెళ్ళొస్తానమ్మా" అని పెట్టె సర్దుకున్నారు.

రోజు 9

మూడోసారి చీటీ పెట్టాను. మూడోసారీ బాగానే ఉందట. ఈసారి నరహరి గారు గుమ్మం దగ్గరే నిలబడి చెప్పి వెళ్ళిపోయారు.

గోడ మీది తెర సాయంత్రం గంట మోగగానే ఆ రోజు జోడీ మధ్య మాట ఎన్నిసార్లు తెగిందో, అంటే ఎన్ని అడ్డగీతలు పడ్డాయో చూపిస్తుంది. ఈ రోజు తొంభై ఏడు. ఎవరి వల్ల అన్నది చూపించదు. చూపించనక్కర్లేదు కూడా. అక్క గొంతు పొద్దున్నుంచి మిక్సీ తిరిగినట్టు తిరుగుతూనే ఉంది.

రోజు 16

వ్యవహార విశ్లేషణ అని సాయంత్రం తరగతి పెడితే వెళ్ళాను. మాస్టారు బోర్డు మీద ఎడమ పక్క మూడు చుక్కలు, కుడి పక్క మూడు చుక్కలు పెట్టారు. పెద్ద, సమం, పసి. ప్రతి మనిషిలోనూ ముగ్గురూ ఉంటారట. ఒక మాట ఏదో ఒక చుక్కలోంచి బయల్దేరి, ఎదుటి మనిషిలోని ఒక చుక్కని వెతుక్కుంటూ వెళ్తుంది. జవాబు ఆ చుక్కనించే వస్తే నేరుగీత. వేరే చుక్కనించి వస్తే అడ్డగీత. అడ్డగీత పడ్డ చోట మాట తెగిపోతుంది.

"పసి అంటే ఏడుపొకటే కాదు. ఆట, అలక, భయం, వెక్కిరింత, నవ్వు, అన్నీ అక్కడే," అన్నారాయన.

ఆ ముక్క నేను అంత పట్టించుకోలేదు. అన్నిటికంటే మర్యాదైనది తెలుపు అని నాకు అర్థమైంది. రేపట్నించి అన్నిటికీ తెల్లగా జవాబు చెబుతాను. నాకు అది సహజంగానే వస్తుంది.

రోజు 17

అక్క ఉప్మా నోట్లో పెట్టుకుని, "ఇందులో ఉప్పు నువ్వేశావా, సముద్రం వచ్చి వేసిందా?" అంది.

"అక్కా, ఉప్పు తూకం వివరాలు కావాలంటే ఇస్తాను," అన్నాను.

అక్క చెంచా కింద పెట్టి నా వంక చూసింది. సాయంత్రానికి మరీ అన్యాయం. తెర మీద నూట పన్నెండు. ఇంత లెక్క ఇప్పటి వరకు ఏ వంటశాలకీ రాలేదట. తెలుపు వైపు నుంచి నేను ఎంత కష్టపడ్డా ఎదుటి మనిషి సహకరించకపోతే ఏం చేస్తాను?

రోజు 31

మా ఆయన్ని అడిగాను, "ఏమండీ, నేను మాట్లాడే తీరు ఎలా ఉంటుంది? ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన నా గడ్డం వైపు చూశారు. పళ్ళెంలోకి చూశారు. "బాగానే ఉంటుంది" అని, పెరుగు కలపకుండానే చెయ్యి కడుక్కున్నారు. మా ఆయన పెరుగన్నం వదిలేయడం ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. పనిలో ఏదో ఇబ్బంది ఉన్నట్టుంది.

రోజు 44

కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. తొంభయ్యో రోజున అడ్డగీతలు నలభైకి లోపు ఉండాలి. మాటలు తగ్గించి దాటేద్దామంటే కుదరదు, ఇద్దరి మధ్య కనీసం రెండు వందల మాటలు నడవాలి. అడ్డగీతలు నలభైకి చేరితే జోడీని విడగొడతారు. పట్టా లేని మనిషిని ఐదో గుమ్మటం పంపిస్తారు. ట్రక్కులో పదహారు రోజుల ప్రయాణం. దుమ్ము కాలం మొదలైతే దారి మూసేస్తారు కాబట్టి రెండేళ్ళ దాకా వెనక్కి రావడం ఉండదు.

పట్టా లేనిది అక్కకి.

నిజం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. చదవగానే నాకు సంతోషం వేసింది. వంటశాలలో నా ఇష్టం వచ్చిన చోట నా గరిటె పెట్టుకోవచ్చనుకున్నాను.

రోజు 58

బావగారు వచ్చారు. ఆయన మంచుగనిలో పనిచేస్తారు, వారానికి ఒక రోజే గుమ్మటంలోకి వస్తారు. అక్క ఐదో గుమ్మటానికి వెళ్తే ఆయన వెంట వెళ్ళడానికి లేదు, అక్కడ గని లేదు. నాతో ఎప్పుడూ వంట ఎలా ఉందన్న మాట తప్ప మాట్లాడని మనిషి, గుమ్మంలో నిలబడి టోపీ చేతిలో తిప్పుతున్నారు.

"మీ అక్క డబ్బాల మీద పేర్లు రాస్తోందమ్మా," అన్నారు.

"ఏ డబ్బాలు బావగారూ?"

"వంటింటి డబ్బాలే. మెంతిపొడి, కరివేపాకు పొడి, ఇంగువ. పంతొమ్మిదేళ్ళుగా గుర్తుమీదే తీస్తోంది, పేర్లెప్పుడూ రాయలేదు. తను లేకపోతే నీకు దొరకవని రాస్తోంది. చెప్పొద్దంది. నేను చెప్పాననకు."

ఆయన వెళ్ళాక అల్మారా తీసి చూశాను. వరసగా అన్ని డబ్బాలకీ కాగితం ముక్కలు. అక్క రాత పెద్ద పెద్ద అక్షరాలు, వంకరగా. ఒకదాని మీద "కొత్త చింతపండు, ముందు పాతది వాడు" అని ఉంది. సంతోషం వేసిందని పద్నాలుగు రోజుల క్రితం రాశాను కదా, అది చెరపడానికి వీల్లేదు.

రోజు 71

ఈ రోజు జరిగింది రాయడానికి సిగ్గేస్తోంది.

ఆవిరి డ్రమ్ము కొత్తది పెట్టారు. ఇంకా మసి పట్టలేదు, అద్దంలా ఉంది. దాని ముందు నిలబడి గోంగూర తుంచుతూ, "అక్కా, పెద్ద గరిటె ఎక్కడ పెట్టావు?" అన్నాను. డ్రమ్ములో పసుపు మెరిసింది. అక్కదేమో అనుకున్నాను. అక్క నోరు విప్పనే లేదు.

"అక్కా, కాస్త ఉప్పు అందుకుంటావా?" పసుపు.

"అక్కా, ఈ రోజు ఏ వారం?" పసుపు.

వారం అడగడంలో పెద్దరికం ఏముంటుంది చెప్పండి. నా గొంతులో ఉందన్నమాట. నాకు తెలియకుండా ఆరేళ్ళ నుంచి ఆవిడని ప్రశ్నపత్రం పట్టుకుని అడుగుతున్నానన్నమాట.

"బుధవారం," అంది అక్క. "నీకేమైందే, మొహం అలా పాలిపోయింది?" నీలం. భయపడ్డ పిల్ల ఇంకో పిల్లని అడిగినట్టు.

నరహరి గారు ఎందుకు దగ్గారో, మా ఆయన పెరుగన్నం ఎందుకు వదిలేశారో ఒక్కసారిగా తెలిసొచ్చింది. గోంగూర అక్కడే వదిలేసి సరుకుల గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

రోజు 72

"అక్కా, నా దీపం ఏ రంగు?"

"చెప్పకూడదు కదే."

"పసుపే కదా? ఎప్పట్నుంచి?"

అక్క చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవు. "అంటించిన రోజు నుంచీ," అంది.

"అంటే నేనేది అడిగినా..."

"నువ్వు నోరు తెరిస్తే నాకు బళ్ళో పంతులమ్మ ముందు నిలబడినట్టుంటుంది. నేను ఐదో తరగతి దాటలేదు వకుళా. నీ ముందు తప్పు చేస్తానేమోనని భయపడి, గొంతు పెంచుతాను. లేదంటే వెక్కిరిస్తాను. నువ్వేమో వెక్కిరింతకి లెక్కలు చెబుతావు."

"ఉప్పు సంగతి వెక్కిరింతా?"

"మరి సముద్రం ఎక్కడుందే ఇక్కడ?"

నాకు నవ్వొచ్చింది. అక్కకీ వచ్చింది. తర్వాత పది నిమిషాలు ఒక్క అడ్డగీత పడలేదు. ఇన్నాళ్ళూ తెల్లగా మాట్లాడడమే గొప్పనుకున్నాను. అక్క నాతో ఆడుకుందామని పిలుస్తుంటే నేను తనిఖీకి వచ్చినట్టు నిలబడ్డాను.

రోజు 80

తెలిసినంత తేలిక కాదు మారడం. నా నాలుక నాకంటే పెద్దది. ఇవాళ అక్క, "ఈ చపాతీ ఏ దేశం పటమే?" అంటే, "పిండి నానడానికి కనీసం ఇరవై నిమిషాలు..." అని మొదలెట్టి, మధ్యలో ఆగి, "నీకు భూగోళం కూడా వచ్చా అక్కా?" అన్నాను. గీత నేరుగా పడింది. అక్క చపాతీ కర్రతో నా మోచేతి మీద ఒకటిచ్చింది. ఈ రోజు యాభై ఎనిమిది.

రోజు 86

నలభై తొమ్మిది. ఇంకా ఎక్కువే. అలవాటైన మాట నోట్లోంచి జారాకే తెలుస్తోంది. అక్క ట్రక్కు ప్రయాణానికి సంచీ కుట్టుకోవడం మానలేదు. ఆ సంచీ చూస్తే నాకు అన్నం దిగడం లేదు. ఈవిడని ఇక్కణ్ణించి పంపించేది నా గొంతు. ఇంకెవరి మీదా నెట్టడానికి లేదు.

రోజు 88

మొదటి రోజు సంతకం పెట్టిన కాగితం వెనక వైపు ఈ రోజు చదివాను. ముందు వైపే చదివి సంతకం పెట్టాను, పట్టా ఉన్న మనిషిని. వెనక ఏముందంటే, తొంభయ్యో రోజున జోడీలు ఒకరి దినచర్య ఒకరు చదవాలి, ఇన్‌స్పెక్టరు ఎదుట.

అంటే ఇదంతా అక్క చదువుతుంది. నాకు సంతోషం వేసిందన్నదీ చదువుతుంది. పలక గీకి చూశాను, నీళ్ళు పోసి చూశాను. ఒక్క అక్షరం కదల్లేదు.

అక్కా, ఇది నువ్వు చదివే వేళకి నీ ముందే నిలబడి ఉంటాను. ఎక్కడికీ పారిపోను.

రోజు 90

ఇన్‌స్పెక్టరు ఫల్గుణరావు గారు పొద్దున్నే వచ్చి వంటశాల మధ్యలో స్టూలు వేసుకున్నారు. తెర మీద లెక్క సాయంత్రం దాకా ఆగకుండా, అడ్డగీత పడ్డప్పుడల్లా కనపడేలా తిప్పారు. అది చూస్తూ ఎవరైనా మామూలుగా మాట్లాడగలరా? కంగారులో నాలోని పంతులమ్మ మళ్ళీ లేచింది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ముప్పై ఒకటి.

గిన్నెలు తోమాక పలకలు మార్చుకున్నాం. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు అక్షరాల కింద పెట్టి, మొదటి రోజు నుంచి చదవడం మొదలెట్టింది. నేను తనది తీశాను. రోజుకి ఒకటి రెండు ముక్కలే.

రోజు 4. వకుళ ముద్దపప్పు బాగా చేసింది. చెప్పలేదు.

రోజు 12. దానికి తలనొప్పిగా ఉన్నా నిలబడి నూట నలభై మందికి వడ్డించింది. చెప్పలేదు.

రోజు 22. గోంగూరలో దాని చేతి రుచి నాకు రాదు. చెబుదామని నోరు తెరిచాను. అది నన్నేదో అడిగింది, పసుపు వెలిగింది. ఊరుకున్నాను.

రోజు 45. నన్ను పంపిస్తారట. వకుళ మీద నేనేమీ రాయను. చిన్నది.

అన్నీ ఇలాగే. నా మీద ఒక్క ఫిర్యాదు లేదు. నాకు నలభై ఒక్కేళ్ళు, చిన్నదాన్నట. తొంభై రోజుల మెచ్చుకోళ్ళు ఈ పలకలో మూటగట్టి పెట్టుకుంది. నాకు ఒక్కటీ అందలేదు, అందుకునే వీలు నేనే లేకుండా చేశాను. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నా గొంతు మిక్సీయా?" అంది అక్క, పలక మీంచి తల ఎత్తకుండా.

"పప్పులు మరీ ఎక్కువైనప్పుడే," అన్నాను. గీత నేరుగా పడింది. ఫల్గుణరావు గారు కాగితంలోకి చూస్తూ నవ్వాపుకున్నారు.

తర్వాత అక్క నలభై నాలుగో రోజు దగ్గరికి వచ్చింది. వేలు అక్కడే ఆగిపోయింది. పలక చంకలో పెట్టుకుని రాత్రి భోజనాల వంటకి లేచింది.

ఆ తర్వాత వంట మా ఇద్దరికీ పరీక్షే. కందిపప్పు ఉడికిందా అని అడిగితే ముప్పై నాలుగు. తోటకూర కడిగావా అంటే ముప్పై ఆరు. రెండు వందల మాటలు ఎప్పుడో దాటేశాం, ఇక మౌనంగా ఉండొచ్చు. కానీ వంటలో మౌనం ఎలా కుదురుతుంది? ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. గంట మోగడానికి ఇంకా నాలుగు నిమిషాలు. ఒక్క మాట అడ్డం పడితే నలభై.

నేను పెదాలు బిగించుకుని బాణలిలో నూనె పోసి ఆవాలు వేశాను. అక్క నా పక్కనే ఉంది. ఆ నాలుగు నిమిషాలు కూడా ఆగలేక అడిగేసింది.

"నేను పోతే నీకు హాయే కదే?"

దీపం నీలంగా వణుకుతోంది. నా నోటి దాకా వచ్చిన జవాబు, "పిచ్చి మాటలు మాట్లాడకు". అది పసుపు. దాని వెనకే ఇంకోటి, "నువ్వు లేకపోతే పని నడవదు". అది తెలుపు. రెండిట్లో ఏది అన్నా అక్క సంచీ తీసుకుని ట్రక్కెక్కాలి. అసలు అక్క అడిగింది పని సంగతి కాదు.

"పోవద్దక్కా," అన్నాను. గొంతు నాది కాదు, చిన్నప్పుడెప్పుడో పోగొట్టుకున్నది. "నాకు భయమేస్తోంది. ఆ రోజు అలా రాశాను, రాసినందుకు నన్ను కొట్టు. కానీ పోవద్దు. నన్ను వెక్కిరించడానికి నాకు ఇక్కడ ఇంకెవరున్నారు?"

వెక్కి వెక్కి ఏడ్చాను, గరిటె చేత్తో పట్టుకుని. అక్క నా తల తన భుజానికి లాక్కుని, తనూ ఏడ్చింది. తెర వైపు చూసే ధ్యాస ఇద్దరికీ లేదు. ఆవాలు మాడి, ఎండుమిరపకాయలు మాడి, వంటశాలంతా ఘాటెక్కి ఫల్గుణరావు గారు దగ్గుతుంటే గంట మోగింది.

"ముప్పై తొమ్మిది," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. ఘాటుకేనన్నారు. తడిబట్టతో మా ఇద్దరి బిళ్ళలూ ఊడదీసి డబ్బాలో వేసుకున్నారు.

నూట నలభై మంది మాడిన పోపుతో పప్పన్నం తిన్నారు. అందరూ వెళ్ళాక అక్క తన పలక అడిగి తీసుకుంది, ఈ రోజుది రాయలేదని. బల్ల దగ్గర కూర్చుని వంకర అక్షరాలతో ఒక ముక్క రాసింది. పలక మూసేయబోయి, ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, నా వైపు తిరిగి పైకి చదివింది.

"రోజు తొంభై. వకుళ ఉంటే నాకు ఇల్లున్నట్టు ఉంటుంది."